మోటు బెంచీ, గోడవైపు కొస

అబద్ధం అల్లాలంటే ఓపిక కావాలి. నాకిప్పుడు అదే లేదు. నమ్మినా సరే, నమ్మకపోయినా సరే... జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది పులివెందుల. నేను వేంపల్లె దగ్గర ఒక బడిలో టీచర్ని. పోయినేడు మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పగలు పక్కింటామె చూసుకుంటుంది. పొద్దున, రాత్రి నేనే. బోర్డు మీద రాస్తూ రాస్తూ నిలబడే నిద్రపోయిన రోజులున్నాయి. పిల్లలు నవ్వితే మెలకువ వచ్చేది.

ఆయన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవబోయి రెండుసార్లు పడ్డాడు. మూడోసారి పడి తుంటి విరిగితే ఇక మంచమే అన్నాడు ప్రొద్దుటూరు డాక్టరు. జరగకుండా ఉండే ఎత్తైన బెంచీ ఏదైనా చూసుకోమన్నాడు. ఆయన తనంతట తాను లేచి నిలబడాలి... నాకు కావలసింది అదొక్కటే.

జమ్మలమడుగులో పాత సామాన్లు అమ్మే భాయ్ దగ్గర దొరికింది. నాలుగు వేళ్ల మందం పలకలు. కాళ్లు కావవి, దుంగలు. ఒక పువ్వు లేదు, ఒక వంపు లేదు.

"ఇంత మోటుగా ఉండాదేంది భాయ్" అన్నాను.

"ఇట్లా నగిషీ లేకుండా దిట్టంగా ఉండేవాట్ని బ్రూటలిస్ట్ అంటారంట టీచరమ్మా. బెంగళూరోళ్లు ఎతుక్కోని వచ్చి హాల్లో ఏసుకుంటాండారు. మీరేమో మోటంటాండారు."

నలుగురు మోస్తే గానీ ఇంట్లోకి రాలేదు. కుడి కొస గోడకు ఆనించి వేశాం. ఎడమ కొసన ఆయన కూర్చుంటాడు. ఆయన పక్కన నేను. గోడవైపు కొస ఖాళీగానే ఉంటుంది. ఇద్దరం కూర్చున్నా కిక్కురుమనదు ఆ బెంచీ.

మేము క్రైస్తవులం. తాతల కాలం నుంచీ రాత్రి అన్నాలకు ముందు ఇంట్లో ప్రార్థన. చివర్లో ప్రభువు ప్రార్థన మాత్రం లేచి నిలబడే చెప్పాలి. ఆయన పడిపోయినప్పటి నుంచి చంక కింద చేయి వేసి నేనే లేపి నిలబెట్టేదాన్ని. బెంచీ వచ్చాకా అంతే. ఆ వారం నా నడుము పట్టేసింది.

"కూర్చోనే చెప్పుకుందాం లేయ్యా. దేవునికి తెల్దా మన బాధ" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. నాకూ కష్టంగానే అనిపించింది, కానీ లేపలేదు.

ఆ రాత్రి ఈదురుగాలి లేచింది. కరెంటు పోయింది. బట్టలు తెస్తానని చెప్పి మిద్దెక్కాను. దిగుతూ దిగుతూ మెట్ల మీద కూలబడ్డాను. ఒక్క నిమిషమే అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను...

లోపల ఆయన ఒక్కడే ప్రార్థన మొదలుపెట్టాడు. ముద్దముద్దగా... ఆగి ఆగి. వింటూనే ఉన్నాను.

కిర్ర్...

బెంచీ. కాసేపటికి మళ్లీ... కిర్ర్. బరువైన మనిషెవరో లేచినట్టు. ఆయన గొంతు ఆగిపోయింది. ఏ శబ్దమూ లేదు. గాలి కూడా లేదు. తర్వాత మళ్లీ మొదలైంది... కానీ కొంచెం పైనుంచి వస్తోంది. కూర్చున్న మనిషి గొంతు కాదది.

పరిగెత్తాను. సెల్ లైటు వేశాను.

నిలబడి ఉన్నాడు. నిటారుగా... చేతికర్ర నేల మీద పడి ఉంది. కుడి చంక కింద చొక్కా నలిగి పైకి పోయింది. నేను లేపినప్పుడు అచ్చం అట్లాగే నలుగుతుంది.

"ఎట్ల లేస్తివయ్యా?"

"నువ్వే గదా లేపింది."

"నేను మిద్దె మెట్ల మీద ఉండాను."

"నువ్వే అనుకుంటి. మాట్లాడలే. సంక కింద చేయి పెట్టె, లేపె... చేయి సన్నగానే ఉండె" అన్నాడు.

ఆయన్ను కూర్చోబెట్టి, గోడవైపు చూడకుండా అన్నం పెట్టాను.

మర్నాడు భాయ్‌కి ఫోన్ చేసి, ఆ బెంచీ యాడిది అని అడిగాను.

"పక్క పల్లెలో చర్చిదమ్మా. చేతగాని ముసిలోళ్లు కూర్చునేదంట. ప్రార్థనకు లేసేటప్పుడు వాళ్లను లేపేదానికి కొసన ఎప్పుడూ ఒకామె కూర్చునేదంట. ఎవరో నాకు తెల్దు. ఎందుకమ్మా, పురుగేమన్నా పట్టిందా?"

"లేదు భాయ్. బాగుండాది" అని పెట్టేశాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. నేను లోపలికి పరిగెత్తినప్పుడు నా చేతిలో బట్టలు లేవు. మెట్ల మీదే ఉన్నాయి, ఎప్పుడు పెట్టానో గుర్తులేదు. నిద్రలో నేనే దిగివచ్చి, ఆయన్ను లేపి, మళ్లీ పోయి కూర్చున్నానా? నిలబడి నిద్రపోయే మనిషిని... ఏమో. ఒట్టు వేసి చెప్పలేను. ఆయన మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా నేను లేపకుండా లేవలేదు.

ఇప్పుడు ప్రార్థన వేళకు బట్టలు లేకపోయినా మిద్దె మెట్ల మీదికి పోతున్నాను. భయం లేదా అంటే ఉంది. అయినా చెవులు రిక్కించి కూర్చుంటాను. ఎవరైతేనేం... ఒక్క పూట నేను కాకుండా ఇంకొకరు లేపితే బాగుండునని.

నిన్న కూడా కూర్చున్నాను. ఆయన ప్రభువు ప్రార్థన దాకా వచ్చి ఆగాడు. బెంచీ పలకలేదు. కాసేపటికి ఆయనే నన్ను పిలిచాడు, లేపమని. దిగి వెళ్లాను.