తొమ్మిది డబ్బీల మనవడు

ఆ రోజుల్లో ఎవరైనా "ఏం ఉద్యోగమమ్మా?" అని అడిగితే ముందు వాళ్ళ చేతిలో టిఫిన్ ప్లేటు ఉందో లేదో చూసుకునేదాన్ని. ప్లేటుంటే "లాబ్‌లో అండి" అని ఊరుకునేదాన్ని. లేకపోతే "చిన్నపిల్లల విరేచనాల మీద పరిశోధనండి" అనేదాన్ని. నిజానికి పరిశోధన చేసేది మా పెద్దమేడం. నేను చేసేది విరేచనాలు మోసుకురావడం. తెనాలి, బాపట్ల, రేపల్లె ఆసుపత్రుల్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఐదేళ్ళలోపు పిల్లలకు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయంటే నేను అక్కడ వాలిపోవాలి. మూతకే చిన్న చెంచా అతికించి ఉన్న ప్లాస్టిక్ డబ్బీలో కాస్త పట్టి, ఐసుపెట్టెలో పెట్టి, తెనాలిలోని మా లాబ్‌కు చేర్చాలి. అందులో రోటా వైరస్ ఉందా, ఉంటే ఏ రకం అన్నది అక్కడ తేలుతుంది. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నందుకు నాకు దక్కిన మొదటి ఉద్యోగం అది.

మా అమ్మ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీదే నిలబడి "మా అమ్మాయి సైంటిస్టయిందండి" అని అందరికీ చెప్పేసింది. దేని మీద అని ఎవరో అడిగితే "పిల్లల ఆరోగ్యం మీదండి" అంది. (మా అమ్మ అబద్ధం ఆడదు. నిజాన్ని మధ్యలో ఆపేస్తుంది, అంతే.) మరుసటి ఆదివారం పాస్టరుగారు నా చేతుల పనిని ఆశీర్వదించమని పేరుపెట్టి మరీ ప్రార్థన చేశారు. ఆ చేతులు ఆ వారమంతా ఏమేం పట్టుకున్నాయో తలుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, అందరికంటే పెద్దగా ఆమెన్ అన్నాను. మా నాన్నమ్మ ఒక్కతే నా ఉద్యోగాన్ని సరిగ్గా అర్థం చేసుకుంది. "పిల్లలు దొడ్డికెళ్తే ఎత్తడానికి ఎమ్మెస్సీ ఎందుకే? నేను ఏడుగురికి ఎత్తాను. నాకెవరూ డిగ్రీ ఇవ్వలేదు" అంది.

రేపల్లె నుంచి తెనాలి వచ్చే ప్యాసింజరులో నీలం రంగు ఐసుపెట్టెతో ఎక్కితే అందులో ఏముందో ఎవరూ అడగరు. సముద్రం వైపు నుంచి వచ్చే ఐసుపెట్టెలో చేపలే ఉంటాయి. ఏ చేపలన్నదే ప్రశ్న. ఒకసారి నా ఎదుట కూర్చున్న పెద్దాయన "ఏంటమ్మాయి, పండుగప్పా?" అన్నాడు. "కాదండి." "రొయ్యలా?" "కాదండి, శాంపిల్సండి." "ఏవైతేనేం, ఓసారి మూత తియ్యి. తాజావో కాదో చూడగానే చెప్పేస్తా." "తాజావేనండి, పొద్దున పట్టినవే" అని చెప్పి పెట్టె మీద ఎక్కి కూర్చున్నాను. తెనాలి వచ్చేదాకా దిగలేదు.

మా పెద్దమేడం మనిషి పొట్టి, గొంతు పెద్దది. చేరిన రోజునే నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు. ఈ వైరస్‌కు మనలాగే ఇంటిపేరూ పేరూ ఉంటాయట. పైతొడుగులో ఉన్న రెండు ప్రోటీన్లను బట్టి ఆ రెండూ పెడతారు. అంతటితో ఆగకుండా దాని జన్యువులో ఉన్న అక్షరాలను వరసగా చదివితే, ఏ ఊళ్ళో ఏ రకం తిరుగుతోందో, ఎవరి నుంచి ఎవరికి పాకిందో పోల్చుకోవచ్చు. పాకుతూ పాకుతూ అప్పుడో అక్షరం ఇప్పుడో అక్షరం మారిపోతుంటుంది కాబట్టి ఆ తేడాలే ఆనవాళ్ళు. రేపు వచ్చే టీకా ఇక్కడి పిల్లలకు పనిచేస్తుందా లేదా అన్నది తెలియాలంటే ముందు ఇది తెలియాలి. అంతా చెప్పి చివర్లో, "ఒక్క మాట గుర్తుపెట్టుకో. ప్రతి డబ్బీ వెనకా ఒక పిల్లవాడు ఉంటాడు. వాణ్ణి నీ కళ్ళతో చూడకుండా, వాళ్ళమ్మను అడిగి ఫారం నింపకుండా, డబ్బీ తీసుకురాకు" అన్నారు. నేను ఆ మాటను నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను.

నాకున్నది ఆరు నెలల ఒప్పందం. ఐదో నెల వచ్చేసరికి తెనాలి, బాపట్ల డబ్బీలతో లాబ్‌లో ఫ్రిజ్ నిండిపోయింది గానీ రేపల్లె వైపు నుంచి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "నెలాఖరులోగా అటునుంచి ఓ పది శాంపిల్సు రాకపోతే నీ ఒప్పందం పొడిగించమని నేను ఏ మొహం పెట్టుకుని అడగను?" అన్నారు పెద్దమేడం. అప్పటికే మా అమ్మ నన్ను సైంటిస్టుగా బాపట్ల దాకా ప్రచారం చేసి ఉంది. ఉద్యోగం పోతే నాకంటే ముందు ఆవిడ తలెత్తుకోలేదు.

అందుకని రేపల్లె దాటి, సముద్రం వైపు ఉన్న ఒక పాలెం బస్సెక్కాను. అక్కడ నన్ను చేరదీసింది చేపలమ్మే మామ్మ. నేను వెళ్ళేసరికి పడవ ఒడ్డుకు వచ్చి ఉంది, ఇసక మీద చేపలు వాటాలు వేస్తున్నారు. ఆ వాటాలు వేయడం మామ్మ పని. కుప్పకూ కుప్పకూ చేప తోక తేడా కూడా రానివ్వదు. పడవలో వెళ్ళినవాళ్ళ వాటాలు అయ్యాక, ఆ సమయానికి ఒడ్డున ఎవరు నిలబడి ఉన్నా వాళ్ళకూ నాలుగు చేపలు పెడతారు. వచ్చినవాళ్ళను ఒట్టి చేతులతో పంపడమన్నది ఆ పాలెంలో లేదు. నాకూ పెట్టారు. అరిటాకులో చుట్టిన ఆ చేపలు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో డబ్బీలు చూపిస్తూ, మామ్మకు నా పని వివరించాను.

మామ్మ అంతా విని, "మోషన్స్ అవుతున్న పిల్లలవి ఇందులో పట్టాలి, అంతేనా?" అంది.

"అంతే మామ్మా. పది కావాలి."

"పది లేకపోతే ఏమయిద్ది?"

"నా ఉద్యోగం పోతుంది" అన్నాను నవ్వుతూ. మామ్మ నవ్వలేదు.

"డబ్బీలు ఈడ పెట్టి పో. రేపు మజ్జాన్నం రా."

మర్నాడు వెళ్ళేసరికి మామ్మ అరుగు మీద తొమ్మిది డబ్బీలు వరసగా ఉన్నాయి, చేపల ఐసులో కూర్చోబెట్టి. పదోది ఖాళీ. రూలు ప్రకారం నేను తొమ్మిది గడపలూ ఎక్కి, తొమ్మిది మంది పిల్లల్ని చూసి, ఫారాలు నింపుకోవాలి. కానీ సాయంత్రం బండి దాటిపోతే రేపల్లెలో చిక్కుపడిపోతాను, పైగా మామ్మ అప్పటికే కంచంలో చేపల పులుసన్నం వడ్డించేసింది. పదో తరగతి చదివిన మామ్మ కోడలు "నాకు పిల్లలందరూ తెలుసండి, నేను నింపుతాను" అంది. నేను ఫారాలు ఆ అమ్మాయి చేతిలో పెట్టి కంచం ముందు కూర్చున్నాను. అన్నం తిని చేయి కడుక్కునేలోపు తొమ్మిది ఫారాలూ తయారు. తొమ్మిదింటిలోనూ రోజుకు ఎనిమిది సార్లు, వాంతులు రెండు. తొమ్మిది మంది తల్లుల సంతకాలూ ఒకే గుండ్రటి రాతలో ఉన్నాయి. నాకు ఏమాత్రం బుర్రున్నా అక్కడే ఆగేదాన్ని. నేను మాత్రం "నీ చేతిరాత ముత్యాల్లా ఉందమ్మా" అని మెచ్చుకుని బస్సు కోసం పరుగెత్తాను.

జన్యువు అక్షరాలు చదివే యంత్రం మా దగ్గర లేదు. దూరంగా ఉన్న పెద్ద లాబ్‌కు పంపితే ఫలితాలు వచ్చేసరికి కొన్ని వారాలు పట్టింది. వచ్చిన రోజున పెద్దమేడం కుర్చీలో కూర్చోలేకపోయారు. పాలెం డబ్బీలు తొమ్మిదింటిలోనూ మా ప్రాంతంలో మాకు అంతవరకు తగలని అరుదైన రకం ఉందట. అది కూడా ఎలా, ఒక్క అక్షరం తేడా లేకుండా. "ఇది పాలెంలోకి ఈ మధ్యే వచ్చి ఒక్కసారిగా కమ్మేసింది. ఇంకా మారడానికి కూడా టైము దొరకలేదు దానికి" అన్నారు. సాయంత్రానికల్లా వ్యాసానికి పేరు కూడా పెట్టేశారు. నా ఒప్పందం పొడిగించమని అప్పటికప్పుడే ఉత్తరం రాశారు. మా అమ్మ స్వీట్లు పంచింది. పెద్దమేడం మాత్రం, "వ్యాసం పంపేముందు ఆ తొమ్మిది ఇళ్ళూ నేను చూడాలి. నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారో కనుక్కోవాలి. రేపే వెళ్దాం" అన్నారు. నేను కొరకబోతున్న పాలకోవా కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాను.

మర్నాడు కారులో పెద్దమేడం ముందు సీట్లో హుషారుగా కూర్చున్నారు. నేను వెనక సీట్లో తొమ్మిది ఫారాలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క పిల్లవాడి మొహమైనా గుర్తుకు వస్తుందేమోనని ప్రయత్నించాను. చూస్తే కదా గుర్తుకు రావడానికి. మొదటి ఇంట్లో తల్లి చాట పక్కన పెట్టి బయటికి వచ్చింది. "మా పిల్లకు మోషన్సా? లేదండి. అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు." రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంటావిడ ఇంకో అడుగు ముందుకేసి, "మా వాడికి అసలు రాకపోవడమే బాధండి. మూడ్రోజులైంది. దానికేమన్నా మందుందా డాక్టరమ్మగారూ?" అని అడిగింది. పెద్దమేడం పిల్లవాడికి అరటిపండ్లు పెట్టమని ఆవిడకు చెప్పి, నెమ్మదిగా నా వైపు తిరిగారు.

మామ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ దాచిపెట్టడానికి ఏమీ లేనట్టు కొంగుతో అరుగు తుడిచి మమ్మల్ని కూర్చోమంది. "ఆ రోజు పాలెంలో అందరు పిల్లలూ బానే ఉన్నారమ్మా. మా మనవడొక్కడికే. ఈ అమ్మాయి చూస్తే ఎండన పడి వచ్చింది, పది కావాలంది, లేకపోతే ఉద్యోగం పోయిద్దంది. ఒట్టి పెట్టెతో ఎట్టా పంపేది? మా వాడిదే సమానంగా వాటాలేశా. మీరిచ్చిన చెంచాతోనే కొలిచా. పదోదానికి సరిపోలా, అదొక్కటే లోటు." తర్వాత కొంచెం అనుమానంగా, "ఏమ్మా, ఏ డబ్బీలోనన్నా తక్కువొచ్చిందా?" అని అడిగింది.

"లేదండి. తొమ్మిదీ సమానంగానే ఉన్నాయి" అన్నారు పెద్దమేడం. ఆ మాట తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న వ్యాసం గురించి కాదు, ఫారాల గురించి కాదు. "ఆ మనవడేడీ?"

తడిక వెనక నుంచి రెండేళ్ళవాడు మొలతాడుతో నడుచుకుంటూ వచ్చి మామ్మ మోకాలు పట్టుకున్నాడు. ఆ రోజు నేను వెళ్ళిపోయాక వాడి కళ్ళు లోపలికి పోయాయట. కోడలు ఎత్తుకుని రేపల్లె ఆసుపత్రికి పరుగెత్తితే రెండు రోజులు సెలైన్ పెట్టారట. "ఈ అమ్మాయి అన్నం తినేటప్పుడు వాడు ఈ తడిక అవతలే పడుకునున్నాడు. తినే మనిషిని లేపడమెందుకని నేనే చెప్పలా" అంది మామ్మ. నా బ్యాగులో అప్పుడు ఓఆర్ఎస్ పొట్లాలు అరడజను ఉన్నాయి. వాటిని మోసుకెళ్ళి, మోసుకొచ్చాను. పులుసు బాగుందని రెండోసారి వడ్డించుకున్నాను కూడా. ఆ అరుగు మీద నాకు కలిగినంత సిగ్గు మళ్ళీ జన్మలో కలగలేదు.

బయలుదేరేటప్పుడు మామ్మ మా పెద్దమేడం చేతిలో నాలుగు చేపలు పెట్టింది. పెద్దమేడం కోడిగుడ్డు కూడా ముట్టుకోని మనిషి. అయినా రెండు చేతులా తీసుకుని, కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కారెక్కారు. నేను వెనక నుంచి అంతా చెప్పేశాను, బండి టైము గురించి, పులుసు గురించి, ముత్యాల్లాంటి చేతిరాత గురించి. ఉద్యోగం మానేస్తానని కూడా అన్నాను. వేమూరు దాటాక పెద్దమేడం భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని ముందుకు వంగి చూస్తే, ఒళ్ళోని చేపల్ని రెండు చేతులా అదిమి పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వుతున్నారు.

"తొమ్మిది డబ్బీలు, తొమ్మిది నంబర్లు. ఎవరికీ తెలియకుండా ఒకే పిల్లవాడిది తొమ్మిదిసార్లు పరీక్ష చేశాం. తొమ్మిదిసార్లూ ఒకే జవాబు, ఒక్క అక్షరం తేడా లేదు. మన లాబ్ పని ఇంత గట్టిగా ఉందని నాకే తెలియదే" అన్నారు. కాస్త నవ్వు తగ్గాక గొంతు మారింది. "లాబ్ రిజిస్టరులో ఎనిమిది వరసలు నీ చేత్తోనే కొట్టెయ్. మానెయ్యడం సులువు. నెలనెలా ఆ పాలెం నువ్వే వెళ్తావు. ముందు పిల్లల్ని చూస్తావు, తర్వాతే డబ్బీ."

ఎర్ర పెన్నుతో ఎనిమిది వరసలు కొట్టేశాను. ఆ వ్యాసం తర్వాత వేరే పేరుతో వచ్చింది. అందులో ఒక పట్టికలో, ఆ అరుదైన రకానికి ఎదురుగా, రేపల్లె కింద చిన్న ఒకటి అంకె ఉంటుంది. నేను ఇంకో రెండేళ్ళు ఆ పాలెం తిరిగాను. మామ్మ పెట్టిన అన్నం ఎప్పుడూ పిల్లల్ని చూశాకే తిన్నాను.

ఇప్పుడు నేను బాపట్లలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. చంటిపిల్లల నోట్లో రోటా టీకా చుక్కలు మామూలుగా వేసేస్తున్నారు, నా ఐసుపెట్టె మా ఇంట్లో బియ్యం డబ్బా అయింది. మొన్న అడ్మిషన్ల రోజున నా బల్ల ముందుకు ఒక ముసలమ్మ, పక్కన నూనూగు మీసాల కుర్రాడు వచ్చారు. నేను పోల్చుకునేలోపు ఆవిడే పోల్చుకుంది. "తల్లీ, నువ్వా? ఇడుగో, నీ తొమ్మిది డబ్బీల మనవడు" అని వరండా అంతా వినపడేలా చెప్పింది. ఆ కథ ఇంట్లో ఎన్నిసార్లు విన్నాడో ఏమో, కుర్రాడు చెవుల దాకా ఎర్రబడి, సర్టిఫికెట్ల ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మా పట్టికలోని ఒకటి అంకె ఆరడుగులు ఎదిగి నా ఎదుట నిలబడి ఉంది.

వెనక క్యూ పెరుగుతోంది, ఫారం త్వరగా నింపి పంపమని పక్క బల్ల సారు తొందరపెడుతున్నారు. నేను పెన్ను మూసి పక్కన పెట్టాను. "ఫారం తర్వాత చూద్దాం. ముందు ఆ ఫైలు దించు నాన్నా, నీ మొహం చూడనీ. ఎలా ఉన్నావు?" అని అడిగాను. పదిహేనేళ్ళ కిందట, పులుసన్నం కంచం ముందు, బండి టైము తలుచుకుంటూ కూర్చున్న ఆ పిల్ల అడగాల్సిన ప్రశ్న అది. వాడు ఫైలు దించి, "బానే ఉన్నానండి" అన్నాడు.