బొగ్గింజనుకు కరెంటు స్తంభాలు

ఈ రోజు నా చిన్ననాటి స్నేహితుడు రమణయ్యను కొట్టడం ఒక్కటే తక్కువ. చిన్నప్పుడు మేమిద్దరం తిరిగిన గిద్దలూరు మీటర్ గేజ్ లైనును మా మిద్దె మీద గదిలో బొమ్మగా కట్టుకుంటున్నాం. ప్లాట్‌ఫారాలకు మార్కాపురం పలక ముక్కలే వాడాం. పొద్దున వాడొచ్చి పట్టాల పొడుగునా కరెంటు స్తంభాలు నాటాడు!

“ఏందిరా ఇది? బొగ్గింజనుకు కరెంటు స్తంభాలా?”

“ఇప్పుడు ఉండాయి గదరా!”

అన్నీ పీకి పారేశాను.

“అట్లనా? అయితే కరెంటు లేకుండానే నడుపుకోపో,” అని రైలును నడిపే తన ట్రాన్స్‌ఫార్మర్ చంకన పెట్టుకుని పోయాడు.

సాయంత్రం ఇంజన్ను చేత్తో తోస్తూ, నోటితో కూత వేశాను. పచ్చజెండా ఊపాల్సిన వెధవ లేడు.

నేనైతే ఫోన్ చెయ్యను. తప్పు వాడిదే. కాదనేవాళ్లు కామెంట్లలోకి రండి, చూసుకుందాం.