ఆగి ఆగి నడిచే కారుతో జువ్వలదిన్నె నుంచి కృష్ణపట్నం దాకా

మా కారు ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. ఈ ప్రయాణం చేసింది అందుకే. మాది జువ్వలదిన్నె. మా ఆయన రెండేళ్ల కిందట పడవ పని మానేసి ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. కృష్ణపట్నంలో ఒక కంపెనీ ఉద్యోగులను ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి చేర్చే పనికి దాన్ని పెట్టాడు. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం ఇంటికొస్తాడు. నాలుగు నెలల నుంచి ఆ కారు నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతోంది. స్టీరింగ్ ముందున్న మీటర్లలో లైట్లన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, మీటరు ముళ్లు కింద పడిపోతాయి, ఇంజన్ చచ్చిపోతుంది. నాలుగైదు నిమిషాలు ఆగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టు మళ్లీ నడుస్తుంది. ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ఒకాయన బ్యాటరీ మార్చాడు, ఇంకొకాయన ఏదో సెన్సార్ మార్చాడు. జబ్బు మాత్రం అలాగే ఉంది. చివరికి కంపెనీలో బండ్లు చూసే సూపర్‌వైజర్ బండిని ఇంటికి పంపేసి గడువు పెట్టాడు. బుధవారం సాయంత్రం ఐదుకల్లా బాగుచేయించిన బండిని గేటు దగ్గర నడిపి చూపించాలి. లేకపోతే ఆ పని వేరే బండికి పోతుంది.

బుధవారం ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. "నువ్వు కూడా రా. ఆగిపోతే తొయ్యడానికి ఒక మనిషి ఉండాల" అన్నాడు మా ఆయన. బిట్రగుంటలో టిఫిన్‌కు దిగాం. ఆ కొట్టు నడిపే ఆవిడకు మా కారు బాగా తెలుసు, అంతకుముందు ఒకసారి ఆమె పొయ్యి ముందే ఆగిపోయింది. "ఏం శీనా, ఈ రోజన్నా నెల్లూరు చేరతావా, మధ్యాన్నానికి కూడా దోసెలు పొయ్యమంటావా?" అని నవ్వింది. మా ఆయన నవ్వలేదు. ఇద్దరికీ కలిపి తొంభై రూపాయలైంది. ఎర్రకారం దోసె బాగుంటుంది, కానీ ఆ రోజు సగం ఆకులోనే వదిలేశాను.

హైవే మీద కోవూరు వరకు ఎక్కడా ఆగలేదు. పెన్నా వంతెన మధ్యలో లైట్లన్నీ వెలిగాయి. కారు ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. నేను దిగి తోస్తుంటే ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఏందయ్యా, వంతెన మీద కాపురం పెట్టినావా?" అని అరిచాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఒక పక్కకు చేర్చాక, ఐదు నిమిషాలకు తాళం తిప్పితే కారు మళ్లీ నడిచింది.

నెల్లూరు ఆటోనగర్ చేరేసరికి తొమ్మిదయింది. అక్కడ మస్తాన్ అన్న అని, కార్లలో కరెంటు పని మాత్రమే చేసే ఆయన ఉన్నాడు. చిన్న కంప్యూటర్ లాంటి స్కానర్‌ను స్టీరింగ్ కింద తగిలించి చూశాడు. దానికి ఐదు వందలు తీసుకుంటాడు. "ఇంజనుకో పెట్టె, బ్రేకుకో పెట్టె, మీటర్లకో పెట్టె ఉంటాయి అబ్బయ్యా. అన్నీ రెండు సన్నటి వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మధ్యలో ఎవరికైనా కరెంటు సరిగా అందకపోతే మాట ఆగిపోతాది. అప్పుడు మిగతావి కంగారుపడి ఇంజన్ ఆపేస్తాయి. ఈ మిషన్ మాట ఆగిందని చెప్తాదే గానీ, ఏ వైరు కాడ ఆగిందో చెప్పదు. అది మనమే ఎతకాల" అన్నాడు.

అలా వెతకడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో వైరు కట్టను పట్టుకుని ఊపాడు. కొన్నింటిని వేడిగాలితో వెచ్చబెట్టాడు. ఫ్యూజులు పీకి, తుడిచి, మళ్లీ పెట్టాడు. తలుపులు దడేల్ దడేల్‌మని వేశాడు. మా ఆయనను ఎక్కించుకుని రెండుసార్లు చుట్టు తిరిగి వచ్చాడు. కారు ఒక్కసారి కూడా ఆగలేదు. "చూడు, నాకాడికొచ్చేసరికి కొత్తకోడలి మాదిరి ఎంత బుద్ధిగా ఉందో! జబ్బు కనపడకుంటే నేను దేనికి మందెయ్యాల?" అన్నాడు.

పదకొండు గంటలప్పుడు అడిగాడు: "లోపల నీళ్లేమైనా పడినాయా? అద్దాలు దించి వానలో పెట్టినారా?"

"చుక్క కూడా పడలేదన్నా. వానొస్తే పట్ట కప్పుతా" అన్నాడు మా ఆయన.

నేను షాపు బయట స్టూలు మీద కూర్చుని వింటున్నాను. నీళ్లు పడ్డాయి. పోసింది నేనే.

ఐదు నెలల కిందట కంపెనీవాళ్లు, బండి ఎక్కితే చేపల కంపు కొడుతోందని మా ఆయనతో అన్నారట. ఆ మాట నాతో చెప్పి ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ ఆదివారం ఆయన నిద్రపోతుంటే నేను కారు కడిగాను. మా ఊళ్లో పడవను ఎలా కడుగుతామో అలాగే. చేపలు దించాక లోపల బకెట్లతో నీళ్లు కుమ్మరించి, చీపురుతో రుద్ది, ఎండకు వదిలేస్తాం. మంచినీళ్లు దూరం కాబట్టి కాలవలోని ఉప్పునీళ్లే వాడతాం. చెక్కకు ఉప్పునీళ్లు ఏమీ చేయవు. కారుకూ అంతే అనుకున్నాను. తలుపులు తీసి, లోపల నాలుగు బకెట్లు పోసి, సబ్బుతో రుద్దాను. సాయంత్రానికి పైన ఆరిపోయింది, వాసన పోయింది. తడిగుడ్డతో తుడిచాననుకుని ఆయన సంతోషపడ్డాడు. కాబట్టి ప్రతి ఆదివారం అదే చేశాను.

కారు సోమవారం, మంగళవారాల్లోనే ఎక్కువగా ఆగుతోందని రెండో మెకానిక్‌తో ఆయన చెప్పినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆ మెకానిక్ కూడా నీళ్ల గురించి అడిగాడు. నేను నోరు తెరవలేదు. కడగడం మాత్రం ఆపేశాను. ఆపితే సరిపోతుందనుకున్నాను.

ఒంటిగంటకు మస్తాన్ అన్న చేతులు తుడుచుకుని, "రెండు రోజులు ఇక్కడే వదిలేసి పోండి" అన్నాడు. మా ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను లేచి మస్తాన్ అన్న దగ్గరికెళ్లి, "అన్నా, నీళ్లు నేను పోసినా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"ఎక్కడ పోసినావమ్మా?"

"లోపల. కాళ్ల కాడ. ఉప్పునీళ్లు."

మస్తాన్ అన్న నన్ను తిట్టలేదు. ముందు సీటు విప్పి, కింద పరిచిన కార్పెట్ ఎత్తాడు. దాని అడుగున స్పాంజి ఇంకా తడిగానే ఉంది. వైర్లన్నీ కలిపి కారు ఇనుముకు బిగించిన ఎర్త్ బోల్టు పచ్చగా చిలుం పట్టి, చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఇంజన్ నడిపించి దాన్ని వేలితో ఊపగానే లైట్లన్నీ వెలిగి ఇంజన్ ఆగిపోయింది.

"దొరికింది. కానీ ఉప్పు వైరు లోపలికి పాకిందమ్మా. ఇప్పుడు గీకి బిగిస్తా. ఈ పూటకు లాగచ్చు, లాగకపోవచ్చు. వైరింగంతా మార్చాలంటే పది రోజులు పడతాది."

మూడుంపావుకు బయలుదేరాం. ముత్తుకూరు దారిలో లారీల మధ్య మా ఆయన రోడ్డు మీది చూపు తిప్పకుండానే అడిగాడు.

"ఆ రెండో మెకానిక్ అడిగినప్పుడు నువ్వు ఆడనే ఉన్నావు గదా?"

"ఉన్నా."

"మరి ఎందుకు చెప్పలా?"

"భయమేసింది."

"నేనంటే భయమా?"

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

నాలుగున్నరకల్లా గేటు దగ్గరున్నాం, గడువుకు ముందే. సూపర్‌వైజర్ ముందు సీట్లో కూర్చుని, "ఒక చుట్టు తిప్పు" అన్నాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయింది, తర్వాత తిరిగొచ్చింది. గేటు ముప్పై అడుగులు ఉందనగా ఆగిపోయింది. సూపర్‌వైజర్ దిగి, తలుపు మెల్లగా వేసి, "నువ్వు మంచోడివే శీనయ్యా. బండితోనే ఇబ్బంది" అని లోపలికి వెళ్లిపోయాడు. ఐదు నిమిషాలకు కారు నడిచింది. దాన్ని మళ్లీ నెల్లూరుకు తెచ్చి మస్తాన్ అన్నకు అప్పగించి, కావలి బస్సెక్కి ఇంటికొచ్చాం. ఇప్పుడు మా ఆయన వాళ్ల అన్న పడవలో కూలికి వెళ్తున్నాడు. కారు ఇంకా ఆటోనగర్‌లోనే ఉంది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన కోసం చేసిన పనే ఆయన పని పోగొట్టింది. అది తెలియక చేశాను కాబట్టి ఏదో ఒకలా సర్దిచెప్పుకుంటాను. తెలిశాక మాట్లాడకుండా ఉన్న ఆ వారాలను మాత్రం సర్దిచెప్పుకోలేకపోతున్నాను. పొద్దున ఆయన వల భుజాన వేసుకుని వెళ్తుంటే నేను వాకిట్లోకి కూడా రాను.

ఇలా ఆగి ఆగి నడిచే కారును నెల్లూరు తీసుకెళ్లేవాళ్లు తొమ్మిదిలోపు చేరుకోండి, ఈ పనికి ఒక పూట చాలదు. కారు ఏ రోజు, ఎక్కడ, ఎంతసేపు ఆగిందో కాగితం మీద రాసుకోండి. ఇంట్లో కారు కడిగే మనిషి ఎవరైతే వాళ్లను వెంట తీసుకెళ్లండి. వాళ్లు వెంటనే జవాబు చెప్పకపోతే, కోప్పడకుండా ఇంకొక్కసారి అడగండి.