మర దులపని పూట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావారంటారు. కాదనను. దెందులూరులో మాకు కిరాణా కొట్టుంది, మా వీధిలోనే పిండి మరా ఉంది. అయినా బియ్యం సంచీ పట్టుకుని ఏలూరు వెళ్లి ఇమాం సాహెబ్ గారి మరలోనే ఆడిస్తాను. మా మనవరాలు లహరికి గోధుమ పడదు. నలుసు కలిసినా వాంతులే. పోయిన ఏడాది ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాం. ఇమాం సాహెబ్ ఒక్కరే మరంతా దులిపి, తన బియ్యం రెండు గుప్పిళ్లు ఆడించి పారబోసి, అప్పుడు మావి పోస్తారు. అరవై దాటిన మనిషి. దేవుడి పేరు చదువుకుంటూ పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి.

మొన్న గురువారం పూజలో ఉండగా ఫోన్ మోగింది. ఆగింది, మళ్లీ మళ్లీ మోగింది. "ఎవరో గానీ, పూజ కూడా చేసుకోనివ్వరు!" అని విసుక్కుని, స్తోత్రం పూర్తయ్యాకే లేచాను. ముందురోజు ఆడించిన పిండితో రొట్టె కాల్చి, లహరి కంచంలో తుంచి ఊదుతున్నాను.

"పెట్టకండమ్మగారూ!"

గుమ్మంలో ఇమాం సాహెబ్. చెమటలు కారిపోతున్నాయి, చేతిలో సంచీ.

"నిన్న గోధుమలు ఆడించాక మర దులపలేదండీ. మీ బియ్యం అలాగే పోసేశాను. పొద్దున్నే గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు."

కంచం లాగేశాను. నా భయమంతా ఆయన మీదే కక్కాను. "బుద్ధుందా అండీ? పసిపిల్ల ప్రాణం!" వీధంతా వింది.

నా నోరు అలిసిపోయాక అడిగాను. "చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"సాయంత్రం నమాజుకి ఏ మొహం పెట్టుకుని నిలబడనండీ? నిన్న నోట్లో ఆయన పేరే ఉంది. ధ్యాస మాత్రం పని మీద లేదు. ఆయన నా ముందు పెట్టింది ఈ పిల్ల తిండే కదండీ."

నాకు చురుక్కుమంది. ఫోన్ చూస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. దేవుడి ముందు కూర్చుని తొమ్మిది సార్లు వినిపించుకోలేదు నేను. తిట్టాల్సినవాళ్లు ఇద్దరుంటే ఒకరినే తిట్టాను.

"కొత్తగా ఆడించి తెచ్చానండీ," అని సంచీ అందించారు. "ఈసారి ఏమీ చదవలేదు. మర వంకే చూశాను."

"అదీ చదవడమేలెండి. లోపలికి రండి సాయిబు గారూ," అన్నాను.

మంచినీళ్లిచ్చి, పెనం శుభ్రంగా తోమి, కొత్త పిండితో రొట్టె కాల్చాను. లహరి మొదటి ముక్క నోట్లో పెట్టుకునేదాకా ఆయన ఆ నీళ్లు ముట్టలేదు.