పిలుపులమ్మ

ఆఫీసులో ఆమెను అందరూ పిలుపులమ్మ అంటారు. ఆ పేరు రావడానికి కారణం అత్తగారు. "మీ కోడలు ఏం చేస్తుందండీ?" అని పక్కింటావిడ అడిగితే, "ఒకళ్ళ మీటింగు పిలుపు ఇంకొకళ్ళకి అందకపోతే బాగుచేస్తుందట. మనమైతే గుమ్మంలో నిలబడి కేకేసేవాళ్ళం. దానికీ ఓ జీతం!" అందట పెద్దావిడ. ఆ మాట కోడలే ఆఫీసులో నవ్వుతూ చెప్పింది. ఇంకేముంది, పేరు అతుక్కుపోయింది. ఆమె నవ్వగలిగిన రోజులవి.

రెండు కంపెనీలు ఒకటైనప్పుడు యజమానులు చేతులు కలిపి ఫొటో దిగారు. రెండు మెయిల్ సిస్టమ్‌లు మాత్రం కలవనన్నాయి. ఇటునుంచి వెళ్ళిన ఆహ్వానం అటు చేరేసరికి, వస్తానని చెప్పడానికి బటన్ ఉండదు, ఎంత నొక్కినా తెరుచుకోని అటాచ్‌మెంటు ఒకటి ఉంటుంది. రద్దయిన మీటింగు అవతలివాళ్ళ క్యాలెండరులో భేషుగ్గా కూర్చునే ఉంటుంది. ఖాళీ గదిలో ఆరుగురు పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తిన్నగా వచ్చి పిలుపులమ్మ మీద విరుచుకుపడతారు. తొమ్మిది నెలలుగా ఆమె కిటికీ లేని గదిలో రెండు తెరల ముందు కూర్చుని, ఒకదాని నుంచి ఉత్తుత్తి ఆహ్వానం పంపడం, రెండోదాని మీద అది ఎలా దిగిందో చూసుకోవడం, అదే పని.

అవతలి కంపెనీలో ఇదే పని చేసే ఆయన ఒకడున్నాడు. ఊరికి ఆ చివర ఆఫీసు. మొహం ఎప్పుడూ చూడలేదు, ఫోనులో గొంతే. ఆయన్ని ఆమె "అవతలి సారూ" అంటుంది, ఆమెను ఆయన "అమ్మా" అంటాడు. రోజుకు పదిసార్లు మాట్లాడుకుంటూ ఒక్కో చిక్కూ విప్పుతూ వచ్చారు. అన్నీ విప్పేశాక ఇద్దరిలో ఒకరు చాలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కానీ ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఇంట్లో ఆమె భర్తకి ఉద్యోగం పోయి రెండేళ్ళయింది. పొద్దున్నే లేచి అందరి బట్టలూ ఇస్త్రీ చేస్తాడు, తర్వాత ఏం చేయాలో తోచక వాటినే విప్పి మళ్ళీ మడతపెడతాడు. ఆ ఇంట్లో ఇంకొకరు ఖాళీగా కూర్చుంటే గడవదు.

చివరికి ఒక్క చిక్కు మిగిలింది. ఇటునుంచి వెళ్ళే ఆహ్వానాల్లో కొన్నిటి టైము అవతల ఒక గంట ఎక్కువ చూపిస్తోంది. అన్నీ అలా ఉంటే పట్టుకోవడం తేలిక. కొన్నే కావడంతో తల ప్రాణం తోకకొచ్చింది. ఒక సోమవారం ఆమెకు గుట్టు దొరికింది. ఫోనులోంచి పంపినవే అలా మారుతున్నాయి. అవతలి సారుకి చెబుదామని ఫోను తీసి, మళ్ళీ పెట్టేసింది. రేపు చెబుదాంలే అనుకుంది. అలా మూడు వారాలు గడిచాయి.

అప్పుడు ఇటువైపు హెచ్‌ఆర్ మేనేజరు నుంచి ఇద్దరికీ ఒకే ఆహ్వానం వచ్చింది. ఉన్న ఒక్క పోస్టుకి ఇంటర్వ్యూ, బుధవారం పది గంటలకు. ఆ మేనేజరు ఏది పంపినా నడుస్తూ ఫోనులోంచే పంపుతాడు.

మంగళవారం మధ్యాహ్నం అవతలి సారు ఫోను చేశాడు.

"అమ్మా, రేపటిది మీకు ఎన్నింటికని చూపిస్తోంది? నాకు పదకొండని ఉంది."

ఆమె ఎదురుగా తెర మీద పది అని ఉంది.

"నాకూ పదకొండే సార్," అంది.

"హమ్మయ్య. మీరూ బాగా చెప్పండమ్మా. ఎవరికొచ్చినా మనవాళ్ళకే వచ్చినట్టు."

ఆమె ఫోను పెట్టేసింది. మిగిలిన పని చూసుకుని, సంచీ తగిలించుకుని ఇంటికెళ్ళి, తినేసి పడుకుంది. నిద్ర కూడా పట్టింది.

బుధవారం పదింటికి ముగ్గురు అధికారులు కూర్చున్నారు. "అవతలాయన ఏరీ?" అని ఒకరు అడిగితే, "తెలీదండి" అంది. ఇరవై నిమిషాలు చూశారు. "మీటింగు టైములు చూసే మనిషే టైముకి రాకపోతే ఇంకేం అంటాం!" అని మేనేజరు నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. పదకొండుకు పది నిమిషాలుండగా ఆమె మెట్లు దిగుతుంటే, గళ్ళ చొక్కా మనిషి ఒకాయన ఫైలు గుండెకానించుకుని ఎక్కుతున్నాడు. ఆయనేనని ఆమెకు తెలిసింది. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

శుక్రవారం ఉద్యోగం ఆమెదేనని కాగితం వచ్చింది. చెబితే భర్త ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చాలా రోజుల తర్వాత ఆమె తల మీద చెయ్యి వేశాడు. చేతి బరువు తెలిసింది, అంతకు మించి ఏమీ తెలియలేదు.

సోమవారం అవతలి సారు ఫోను చేశాడు.

"అమ్మా, వెళ్ళేముందు ఒకటి అప్పజెప్పాలి. ఆ గంట తేడా ఉందే, ఫోనులోంచి పంపినవాటికే వస్తోంది. నాకు దొరికి నెల దాటింది. చెప్పేస్తే మనలో ఒకళ్ళం ఇంటికేనని నేనే దాచాను. తప్పే. ఎలా సరిచేయాలో చెప్తాను, రాసుకోండి."

ఆమె పెన్ను తీసింది. ఏ పేజీ తెరవాలో, ఏ వరుసలో ఏది మార్చాలో ఆయన నిదానంగా చెప్పాడు.

"మీకు ముందే తెలుసా సార్?" ఆ గొంతు తనది కానట్టుంది ఆమెకు.

"తెలుసమ్మా. ఆ మేనేజరు ఫోనులోంచి పంపుంటాడని అనుమానం కూడా వచ్చింది. అందుకే మిమ్మల్ని అడిగాను. మీరు పదకొండన్నాక ఇంక చూసుకోలేదు."

ఆమె పెన్నుకి మూత పెట్టింది.

"నాకు పదకొండనే వచ్చిందని ఆ రోజు లోపల అధికారులకి చెప్పి చూశాను. టైము తప్పొస్తే సరిచేయడమే కదయ్యా నీ పని, అన్నారు. మీ పేరు నేను ఎత్తలేదు. సరే, అది మార్చేసి, మీ ఫోనులోంచి నాకొకటి పంపండి. చూసి చెప్తాను."

ఆమె చెప్పినట్టే మార్చింది. ఫోనులో ఉత్తుత్తి మీటింగు ఒకటి పెట్టి, టైము పది అని రాసి పంపింది. అవతల మౌస్ నొక్కిన చప్పుడు వినిపించింది.

"వచ్చిందమ్మా," అన్నాడు. "పదంటే పదే చూపిస్తోంది."