చుట్టాల నీళ్లు

మా చెల్లె ఇంట్లో నీళ్లు రెండు రకాలుగా ఉండేవి. గుమ్మం పక్కన మట్టి రంజన్, దాని మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ఆటోలో తెచ్చి అమ్మే ఫిల్టర్ డబ్బా నీళ్లు అందులో పోసేది. అవి ఇంటికొచ్చిన చుట్టాలకు, కొడుక్కు, కోడలికి, చిన్న మనవరాలికి. వెనక దొడ్లో సిమెంటు గోలెం. దాంట్లో పొలం బోరు నీళ్లు. అవి బర్రెకు, గిన్నెలు తోమడానికి, అన్నం వండడానికి, ఇంకా మా చెల్లెకు.

"డబ్బా నీళ్లు సప్పగుంటయక్కా, దూప తీరది" అనేది. అసలు సంగతి నాకు తెలుసు. కొన్న నీళ్లు తన గొంతులో పోసుకోవడం ఆమెకు దండుగ. మమ్మల్ని పెంచిన పద్ధతే అది. మా అమ్మ ఇంటికొచ్చిన మనిషికి గడ్డపెరుగు వేసి, తాను అడుగున మిగిలిన నీళ్ల చల్ల తాగేది. కామారెడ్డిలో నా ఇంట్లో ఇప్పటికీ మనిషి లేని గదిలో బల్బు వెలగదు.

చెల్లెది ఎల్లారెడ్డి అవతల పల్లె. ఒక ఎండాకాలం పోయినప్పుడు ఆమె చేతులు చూశాను. అరచేతుల నిండా పెసరగింజలంత గట్టి బొడిపెలు. అరికాళ్లలోనూ అవే. మెడ కింద, దుమ్ము నేల మీద చినుకులు పడి ఆగినట్టు మచ్చలు.

"ఏందే ఇవి?" అని అడిగాను.

"పనిజేసే చేతులు గిట్లనే ఉంటయి. నీ చేతులు మెత్తగున్నయంటే నువ్వు కూసొని తింటున్నవన్నట్టు" అని నవ్వింది.

నేను నవ్వలేదు. పట్టుబట్టి కామారెడ్డి తీసుకొచ్చి చర్మం డాక్టరుకు చూపించాను. ఆయన అరచేతులను దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. ఏ నీళ్లు తాగుతున్నావని అడిగాడు. నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉంటే చర్మం ఇట్లా అవుతుందని, ముందు నీళ్లు పరీక్ష చేయించమని చెప్పాడు. ఆర్సెనిక్ అంటే ఏమిటో మాకు తెలియలేదు. పాషాణం అన్నాడు. అది తెలుసు. వెనకటి రోజుల్లో ఎలుకలకు పెట్టేవాళ్లు.

"బంగారమసొంటి బోరు. పాషాణమంటడేంది ఈ సారు?" అని చెల్లె బస్సెక్కేదాకా గొణుగుతూనే ఉంది.

కామారెడ్డిలో వినియోగదారుల సంఘం ఒకటి ఉంది. తూకంలో మోసాల మీద, గడువు దాటిన సరుకు మీద కొట్లాడేవాళ్లు. అప్పుడే వాళ్లు ఒక అర్జీ పనిలో ఉన్నారు. తినేవాటిలో, తాగేవాటిలో ఆర్సెనిక్ ఇంతకు మించకూడదనే హద్దు కాగితం మీద ఉంటే సరిపోదు. ఊళ్లలో బోర్లు, కొట్లలో బియ్యం, పిల్లలు తాగే రసాల డబ్బాలు తీసి పరీక్ష చేయాలి, వచ్చిన ఫలితం జనం ముందు పెట్టాలి. ఇదీ వాళ్లు అడుగుతున్నది. దానికోసం ఊరూరా పరీక్షకు సీసాల్లో నీళ్లు పడుతున్నారు. నేను పోయి చెల్లె సంగతి చెప్పాను. సంఘంలో పనిచేసే ఒక అమ్మాయి మర్నాడే ఆ ఊరికి పోయింది. మోకాళ్ల నొప్పితో నేను పోలేకపోయాను.

పరీక్షలో నీళ్లు బాగున్నాయని వచ్చింది. చదివింది మూడో తరగతే కనుక ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివాను. హద్దుకు లోపలే అని ఉంది. డాక్టరు కూడా చూశాడు. అయితే నీళ్లు కారణం కాదన్నాడు. ఏవో పూతమందులు, గోళీలు రాశాడు. సంఘం వాళ్లు తమ అర్జీలో ఆ ఊరిని మంచి నీళ్లున్న ఊళ్ల కింద రాసుకున్నారు. మా చెల్లె గెలిచినట్టే మాట్లాడింది. "జూసినవా? నా బోరును అనరాని మాటలంటిరి."

ఆ మందులతోనే ఏడాది దాటింది. బొడిపెలు తగ్గలేదు. కుడి అరచేతిలో ఒకటి పగిలి పుండైంది, మానలేదు.

మళ్లీ ఎండలు ముదిరాక చూడడానికి పోయాను. కోడలు రంజన్‌లోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. ఒక గుక్క తాగి ఆగిపోయాను. ఆ ఇంట్లో ఏళ్లుగా తాగుతున్న నీళ్ల రుచి కాదది. కొంచెం ఉప్పన.

"గోలెం నీళ్లు పోసినవా ఇందుల?" అన్నాను.

"అవు పెద్దత్తా. మన బోరు నీళ్లు మంచిగున్నయని కాగితమొచ్చె గదా. ఇగ డబ్బాలెందుకని బంద్ జేసినం. శాన రోజులాయె" అంది కోడలు. పక్కనే ఆమె కూతురు అదే రంజన్ నీళ్లతో మొహం తడుపుకుని ఆడుకుంటోంది.

చెల్లె వైపు తిరిగాను.

"సంఘం పిల్ల వచ్చిననాడు సీసాల ఏ నీళ్లు పోసినవే?"

"రంజన్‌లయి."

"అప్పుడు రంజన్ల ఏమున్నయి?"

"డబ్బా నీళ్లు." ఆమెకు ఇంకా అర్థం కాలేదు. నేను తిట్టబోతున్నానని మాత్రం తెలిసింది. గొంతు పెంచింది. "ఇంటి ముంగట నిలవడి నీళ్లియ్యమన్నది. అవుతలోళ్ల పిల్ల. బర్రె మూతివెట్టే గోలెంల ముంచి ఇస్తనా? ఇజ్జతుండదా?"

కోడలు రంజన్ మీద మూత పెట్టింది. తర్వాత రంజన్‌ను పొదివి పట్టుకుని దొడ్లోకి తీసుకుపోయి ఒంపేసింది. పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక చెల్లెకు అర్థమైంది. అంతవరకు తన చేతులే కదా అనుకున్నది, మనవరాలిని చూసి నేల మీద కూలబడింది.

సంఘం అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి బోరు మూతి దగ్గర పట్టింది, గోలెంలో పట్టింది, సంచిలో బియ్యం తీసుకుంది.

"ఏ నీళ్లో అడగాల్సింది నేనే అవ్వా. తాగే నీళ్లియ్యండని మాత్రమే అన్న" అంది.

"అడిగినా ఇయ్యకపోదును బిడ్డా" అంది చెల్లె. "మా ఇంటికి కొత్తగ వస్తివి."

బోరు నీళ్లలో ఆర్సెనిక్ హద్దుకు ఎన్నో రెట్లు ఉంది. ఆ నీళ్లతో పండిన బియ్యంలోనూ ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, లోతు బోర్లలో రాతి పొరల నుంచి దిగి ఉండవచ్చు, ఖచ్చితంగా చెప్పలేమంది ఆ అమ్మాయి.

"మసలబెట్టుకుంటే పోదా?" అని అడిగింది చెల్లె.

"పోదవ్వా. నీళ్లు ఆవిరై పోతయి, విషం గిన్నెలనే మిగుల్తది. ఇంకింత చిక్కగైతది."

దగ్గు వచ్చినప్పుడల్లా ఆ నీళ్లను సగానికి మరిగించి తాగింది మా చెల్లె. అన్నం మంచి నీళ్లు ఎక్కువ పోసి వండి గంజి వంచేయమని, ఆ గంజి తాగవద్దని అమ్మాయి చెప్పింది. పొద్దున్నే ఉప్పేసుకుని గంజి తాగడం మా చెల్లెకు చిన్ననాటి అలవాటు. మొదటిసారి గంజిని మోరీలో పోస్తూ అటు చూడలేక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పుండు క్యాన్సరని హైదరాబాద్ పెద్దాసుపత్రిలో తేలింది. రెండు వేళ్లు తీశారు. అప్పటికే చంకలో గడ్డలు. నీళ్లవల్లే వచ్చిందని రాసివ్వమని అడిగితే, అలా రాయడం కుదరదన్నారు. మనవరాలి వెంట్రుకలు, గోళ్లు కత్తిరించి పరీక్షకు పంపాం. పిల్ల తట్టుకుంటుందని, ఇక ఆ నీళ్లు ముట్టనివ్వవద్దని చెప్పారు. ఆ రోజు ఒక్కరోజే మా చెల్లె కడుపునిండా తిన్నది.

ఎల్లారెడ్డిలో అధికారులతో సంఘం వాళ్లు సమావేశం పెట్టినప్పుడు నన్ను తీసుకుపోయారు. అక్కడ ఒక సారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. అదే ఊరు, అదే ఇల్లు. ఒకసారి బాగున్నాయని, ఒకసారి బాగాలేవని. ఏది నమ్మాలి, అన్నాడు.

"రెండూ నమ్మున్రి సారూ. ఒకటి చుట్టాల నీళ్లది, ఒకటి మా చెల్లెది" అన్నాను. వెనక కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను కూర్చోలేదు. "మా ఇండ్లల్ల మీరు ఎవరింటికి వోయినా మంచి నీళ్లే ఇస్తరు. గవి తాగి గిది మంచి ఊరని రాస్కుంటరు. సీసా బోరు కాడ నింపున్రి. దుకాండ్ల అమ్మే బియ్యం, పిల్లల రసాలు గూడ గట్లనే తియ్యున్రి, కంపెనోళ్లు తెచ్చిచ్చినయి కాదు."

మూడోసారి పరీక్ష చేయిస్తామని రాసుకున్నారు. ఆ ఫలితం రాకముందే మా చెల్లె పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి పొలం గట్టుకు పోయాం. ఆకులో అన్నం, ఆమెకు ఇష్టమైన పచ్చిపులుసు. పక్కన దొప్పలో నీళ్లు పోయాలి. బోరు అక్కడే, పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. కొడుకు సంచిలోంచి కొన్న బాటిల్ తీసి మూత తిప్పాడు. విషం సంగతి తేలేదాకా కొన్న నీళ్లు ఆమె ముట్టలేదు. కాకి వచ్చి అన్నం తిన్నది. నీళ్లలో ముక్కు పెట్టలేదు.

మోకాళ్ల నొప్పి అట్లాగే ఉంది గానీ, ఇప్పుడు సంఘం వాళ్లు ఊళ్లకు పోతే నేనూ పోతున్నాను. సీసాలు, మందులు, కొలతలు వాళ్ల పని. నేను ఇంటి ఆడమనిషితో మాట్లాడతాను. మొన్న భిక్నూర్ దిక్కు ఒక ఇంటికి పోతే, ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి కూలర్లోంచి చల్లటి నీళ్లు చెంబుతో తెచ్చింది.

"అవి మాకొద్దు బిడ్డా. నువ్వు తాగేటియి తే" అన్నాను.

ఆమె ఇబ్బందిగా వెనక్కి చూసింది. "అయ్యో, అవి మంచిగుండయవ్వా. నాకైతే అలవాటైనయి."

నేను లేచి, ఆమె కంటే ముందే దొడ్లోకి నడిచాను.