ఖాతా లేకుండానే కస్టమర్ నంబరు

నా ఉద్యోగ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలుండగా, ఒక జూన్ మొదటి వారంలో, నన్ను బిలాస్‌పూర్ స్టేషన్ దగ్గరున్న మా బ్యాంకు శాఖకు సర్వీస్ మేనేజరుగా వేశారు. హోదాలో బ్రాంచి మేనేజరు తర్వాత నేను. కౌంటర్లు, కొత్త ఖాతాలు, పాస్‌బుక్కులు, పనిచేయని ప్రింటర్లు, కేకలేసే ఖాతాదారులు నా వంతు. అప్పులివ్వడం, వాటిని రాబట్టడం లోన్ల విభాగం వంతు. ఈ పంపకం గురించి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు సరిగ్గా ఈ రెండు బల్లల మధ్య జరిగింది.

నేను పుట్టింది ఈ ఊరి రైల్వే కాలనీలోనే. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి షెడ్డులో ఫిట్టరుగా చేరాడు. కొత్త ఆఫీసరు తెలుగువాడని తెలిసిన వారంలోపే కాలనీలోని మనవాళ్లంతా వరసలో నిలబడటం మానేసి నేరుగా నా బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. వాళ్లకు హిందీ నాకంటే బాగా వచ్చు. అయినా సొంత భాషలో చెప్పుకుంటే పని తొందరగా అవుతుందని వాళ్ల నమ్మకం. అవదు. ఆ సంగతి రోజుకు పదిమందికి చెప్పేవాణ్ణి, పదకొండోవాడు వచ్చి కూర్చునేవాడు.

సత్యవతి అలాగే వచ్చింది. నలభై అయిదేళ్ల మనిషి. ఆమె భర్త పైడిరాజు వ్యాగన్ డిపోలో టెక్నీషియన్. ఆమె సిర్గిట్టి వర్క్‌షాపుల దగ్గర పొద్దున ఆరు నుంచి పది దాకా ఇడ్లీ బండి నడుపుతుంది. చేతిలో ఖాళీ గోనెసంచి పట్టుకుని వచ్చింది. మర్నాటి మినపప్పు కోసం బయల్దేరి, కొనలేక మా బ్యాంకుకు వచ్చిందట.

“పొద్దున అమ్మిన డబ్బులు సాయంత్రానికి ఉండట్లేదు సార్. ఫోన్ల సూస్తే సున్నా. ఎవులు తీసీస్తన్నారు?” అంది.

చూశాను. తీసేస్తున్నది మేమే. బండికి అతికించిన క్యూఆర్ కోడ్ పైడిరాజు పేరు మీద ఉంది. ఇడ్లీ తిన్నవాళ్లు ఫోనుతో కొట్టిన ప్రతి రూపాయీ అతని జీతం ఖాతాలో పడుతోంది. అదేమో మా శాఖలోనే. ఉస్లాపూర్‌లో ఉన్న ఇంటి మీద అంతస్తు వేసి అద్దెకిద్దామని అతను మా దగ్గర ఒక అప్పు, చాలక బయట ఫైనాన్స్ కంపెనీల దగ్గర రెండు అప్పులు చేశాడు. అంతస్తు లేచింది, అద్దెకు మాత్రం ఎవరూ రాలేదు. నెలాఖరున జీతం పడగానే కంపెనీల వాయిదాలు వాటంతటవే కోతపడేవి. మా వాయిదాకు పూర్తిగా మిగిలేది కాదు. ఆ బకాయి తీరేదాకా ఖాతాలో ఏం పడ్డా కంప్యూటరు సాయంత్రం లెక్క ముగిసేటప్పుడు ఊడ్చేసేది. జీతమా, ఇడ్లీ డబ్బా అని దానికి తేడా లేదు.

ఇది పైడిరాజుకు తెలియదా అంటే, తెలుసు. డిపో నుంచి పిలిపించి అడిగితే, “ఏటవుద్ది బాబూ, మళ్లీ నెల జీతం రాదేటి?” అన్నాడు. ఆ ‘ఏటవుద్ది’ అనే మాట నేను ఆ ఏడాది ఎన్నిసార్లు విన్నానో. విన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

వాళ్లింట్లో ఏ రోజుకారోజు కదులుతున్న సంపాదన ఆ బండి ఒక్కటే. ఈరోజు అమ్మకంతో రేపటి పప్పు కొనాలి. ఒక్కరోజు చక్రం ఆగితే బండి ఆగుతుంది. అందుకని సత్యవతికి బేసిక్ ఖాతా తీసుకోమని చెప్పాను. మామూలు జనం దాన్ని జీరో ఖాతా అంటారు. కనీస నిల్వ ఉంచక్కర్లేదు, నిల్వ లేదని జరిమానా పడదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు నాలుగుసార్లు ఖర్చులేకుండా నగదు తీసుకోవచ్చు. చెక్కుబుక్కు, ఓవర్‌డ్రాఫ్టు లాంటి హంగులుండవు. అప్పుల్లో ఉన్నవాళ్లకు హంగులు లేకపోవడమే మంచిది. ప్రతి హంగు వెనకా ఒక రుసుము ఉంటుంది.

మా మేనేజరుకు ఇది నచ్చలేదు. రైల్వే ఉద్యోగి భార్యకు జీరో ఖాతా ఏమిటి, బీమాతో కలిపి వచ్చే మంచి ఖాతా ఇవ్వవయ్యా, మన టార్గెట్ అయినా నిండుతుంది అన్నాడు. ఆ ఖాతాలో మూడు వేలు ఎప్పుడూ ఉంచాలి. మూడు వేలు ఎప్పుడూ ఉంచగలిగితే ఆవిడ గోనెసంచితో నా ముందు ఎందుకు నిలబడుతుందని అడిగాను. కాస్త గట్టిగానే అడిగాను. ఆయన విసుక్కుని వెళ్లిపోయాడు. ఆ గెలుపు నాకు బాగానే తలకెక్కింది.

“నీకిక్కడ ఇంకేమైనా ఖాతా ఉందా?” అని అడిగితే, “నాకు బ్యాంకులో ఏటీ లేదు సార్” అంది. ఆధార్ నంబరు కొట్టాను. తెర మీద ఒక చిన్న డబ్బా తెరుచుకుంది: ఈ వ్యక్తికి ఇప్పటికే కస్టమర్ నంబరు ఉంది, అదే వాడమంటారా? బ్యాంకుతో ఏ లావాదేవీ ఉన్నా మనిషికి ఒకటే కస్టమర్ నంబరు ఉంటుంది. ఖాతాలూ అప్పులూ అన్నీ దాని కిందే వేలాడతాయి. ఆమె వెనక ఒక పింఛనుదారు గొంతు చించుకుంటున్నాడు. నేను ‘అవును’ నొక్కాను.

ముప్పై నాలుగేళ్ల సర్వీసున్న మనిషిని. ఖాతాయే లేదంటున్న మనిషికి నంబరు ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్క క్షణం ఆగి అడగలేదు.

కొత్త క్యూఆర్ కోడ్ తెచ్చి పాతదాని మీద అతికించుకుంది. డబ్బు ఇంట్లో డబ్బాలో పెట్టొద్దు, పైడిరాజు చేతికి చిక్కుతుంది, ఖాతాలోనే ఉంచు, వారానికోసారి తీసి సరుకు కొనుక్కో అని సలహా కూడా ఇచ్చాను. ఆమె నా మాట అక్షరాలా పాటించింది. మొదటి వారానికి సరిపడా పప్పు, బియ్యం కిరాణా కొట్టులో అరువు తెచ్చి, చేతికొచ్చిన నోట్లు కూడా మా కౌంటరులో కట్టేది. వారం తిరిగేసరికి కొట్టువాడు ఇంకో నాలుగు రోజుల సరుకిచ్చి, బాకీకి అప్పటిదాకా ఆగుతానన్నాడు, డబ్బు అలాగే ఉంచింది. పదకొండు రోజులు అంతా బాగానే ఉంది. పన్నెండో రోజు బ్యాంకు తెరవగానే, అదే గోనెసంచితో వచ్చి నిలబడింది. పాస్‌బుక్కు నా ముందు పెట్టింది.

సున్నా. ముందు రోజు సాయంత్రం లోన్ల విభాగం బకాయిల జాబితా తీసినప్పుడు, పదకొండు రోజుల ఇడ్లీ మొత్తం అప్పు ఖాతాలోకి వెళ్లిపోయింది. అప్పు తీసుకున్నవాడి డిపాజిటును బాకీలో జమ వేసుకునే హక్కు బ్యాంకుకు ఉంది. మా భాషలో సెట్-ఆఫ్ అంటాం. కానీ అప్పు పైడిరాజుది కదా? లోన్ల విభాగం నుంచి ఫైలు తెప్పించాను. ఆరో పేజీలో సహ రుణగ్రహీత అన్నచోట, అంటే అప్పుకు సమానంగా బాధ్యురాలైన చోట, తెలుగులో ముద్దుగా, గుండ్రంగా ‘సత్యవతి’ అని ఉంది.

“ఇది నీ సంతకమేనా అమ్మా?”

“నాదే. ఆయన తెచ్చి ఎట్టమంటే ఎట్టేను. పొయ్యి మీద సాంబారుంది. ఏ కాయితమో సూడనేదు.” ఫైలును నా వైపు నెట్టి, మళ్లీ అంది: “అది నా తప్పే అన్నయ్యగారూ. మరి నేను సంతకం ఎట్టినట్టు మీ బ్యాంకుకి తెలుసు గదా. మీకెందుకు తెలీదు?”

అంతకుముందు నన్ను సార్ అనేది. అన్నయ్యా అని పిలిచి ఆ మాట అడిగేసరికి సిగ్గుతో తలెత్తలేకపోయాను. లోన్ల బల్ల నా బల్లకు ఆరడుగుల దూరంలో ఉంటుంది.

మేనేజరు దగ్గరికి వెళ్లి, ఆ సొమ్ము వెనక్కి వేయమన్నాను. బాకీ నిజమే, సంతకం నిజమే, ఏ నిబంధన కింద వేయమంటావన్నాడు. ప్రాంతీయ కార్యాలయానికి రాశాను. వాళ్లు తొమ్మిది రోజులకు జవాబిచ్చారు: నిబంధనల ప్రకారమే జరిగింది. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది మరి. కిరాణా కొట్టువాడు పాత బాకీ తీరందే కొత్త సరుకు ఇవ్వనన్నాడు. నాలుగు రోజులు బండి కదల్లేదు. నేను సొంత డబ్బు ఇస్తానంటే ఆమె తీసుకోలేదు. ముక్కుపుడక కుదువ పెట్టి కొట్టువాడి బాకీ కట్టింది.

ఆ నాలుగు రోజుల్లోనే ఒకసారి పైడిరాజు వచ్చాడు. నన్ను ఓదార్చడానికట. “ఏటవుద్ది బాబూ, ఆ మేరకి అప్పు తగ్గింది గదా. మంచిదే” అన్నాడు. అతను చెప్పింది నిజం కావడమే నాకు మరీ చిరాకు తెప్పించింది. తగ్గింది ఒక వాయిదాలో సగం. ఆగింది బండి. బండి ఆగితే వచ్చే నెల ఇంటి ఖర్చూ జీతం మీదే పడుతుంది, అప్పుడు మా వాయిదాకు అసలేమీ మిగలదు, అప్పు ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. “అచ్ఛా… అవునేటి?” అన్నాడు. అంతే.

నేను మొదటి రోజే చెప్పాల్సిన మాట అప్పుడు సత్యవతికి చెప్పాను. అప్పున్నచోట ఖాతా వద్దు. అప్పు లేని బ్యాంకుకు పో. మా బ్యాంకు ఉద్యోగిగా చెప్పకూడని మాట, కాని ముందు నుంచీ చెప్పాల్సింది అదే. పూట సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను, ఎందుకంటే ఏం జరుగుతుందో నాకు తెలుసు. రోడ్డుకు అవతలున్న ఆ బ్యాంకులో కౌంటరు కుర్చీలో ఎవరూ లేరు. వచ్చినాయన భోజనం తర్వాత రమ్మన్నాడు. భోజనం తర్వాత వెళ్తే, జీరో ఖాతాలు ప్రస్తుతం తెరవట్లేదన్నాడు. రైల్వేవాళ్లకు బీమాతో కలిపి మంచి ఖాతా ఉందన్నాడు. మా మేనేజరు మాటలే, మనిషే వేరు. అడిగిన ఎవరికైనా బేసిక్ ఖాతా ఇచ్చి తీరాలన్న సంగతి గుర్తుచేసి, తెరవట్లేదని రాసివ్వండి అన్నాను. రాసివ్వమంటే అక్కడ ఎవరికీ కలం దొరకదు. దరఖాస్తు ఫారం మాత్రం దొరికింది.

కౌంటరు ఆయన ఆధార్ నంబరు కొట్టబోతుంటే సత్యవతి చెయ్యి అడ్డం పెట్టింది. హిందీలోనే అడిగింది. తాను గానీ, తన భర్త గానీ ఈ బ్యాంకులో ఎక్కడైనా సంతకం పెట్టారేమో ముందు చూసి చెప్పమంది. ఇలా ఎవరూ అడగరని ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన పైడిరాజు పేరు కూడా వెతికి, ఏమీ లేదన్నాడు. అప్పుడు చెయ్యి తీసింది. తెర కాస్త ఇటు తిప్పమని నేను అడిగాను. పాత నంబరు ఉందన్న డబ్బా తెరుచుకోలేదు.

ఆ తర్వాత పైడిరాజు అప్పుకు గడువు పెంచమని దరఖాస్తు రాయించాను. వాయిదా చిన్నదైంది, కాలం పెరిగింది. అది మంజూరవడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలల్లో అయిదుసార్లు అవే కాగితాలు అడిగారు. ఎగ్గొట్టే ఉద్దేశం ఆమెకు లేదు, నేనూ ఆ సలహా ఇవ్వలేదు. నెలకు నాలుగుసార్లు, వారానికొకసారి, నగదు తీసేది. ముందు పప్పూ బియ్యం, తర్వాత ఇల్లు, మిగిలింది మా కౌంటరుకు. ప్రతి నెలా వాయిదా తనే కట్టి, ఇచ్చిన రసీదులో ప్రతి గడినీ వేలు పెట్టి “ఇదేటి, ఇదేటి” అని అడిగి తెలుసుకుని వెళ్లేది. వెనక వరసలో ఉన్నవాళ్లు సణిగేవారు. పైడిరాజుకు ఉన్న బాధల్లా ఒకటే, బండి మీద తన పేరు పోయిందని.

మిగిలిన సర్వీసులో, అప్పుల్లో ఉన్నవాళ్లు బేసిక్ ఖాతా కోసం వస్తే, ఎంత బాకీ అని నేను అడగలేదు. ఎక్కడెక్కడ, ఎవరి కాగితం మీద సంతకం పెట్టావని అడిగాను. గుర్తులేదంటే నేనే వెతికాను. మా దగ్గర పెట్టి ఉంటే రోడ్డు అవతలికి పంపాను. కొత్త ఖాతాల సంఖ్య తగ్గిందని నా ఆఖరి వార్షిక నివేదికలో మేనేజరు ఒక ముక్క రాశాడు. రాయనీ.

పదవీ విరమణ అయిన మర్నాడు సిర్గిట్టి వెళ్లి, ఒక ప్లేటు ఇడ్లీ తిని, ఫోనుతో డబ్బు కొట్టాను. నా పింఛను ఖాతా మా బ్యాంకులోనే. ఏ ఖాతా నుంచని అడిగింది, చెప్పాను. బండి మీది స్పీకరు డబ్బు అందిందని హిందీలో చెప్పేదాకా ఆగి, సత్యవతి గరిటె పక్కన పెట్టింది.

“మీ బ్యాంకు నుంచి ఒచ్చినాయి గదా అన్నయ్యగారూ. ఆ పట్టుకుపోయిన పదకొండు రోజుల్ల ఒక ప్లేటు తగ్గింది.”